ఆష్‌లాండ్‌లో రెండు నాటకాలు, ఒక జెండా

నాటకం అంటే నా చెవుల్లో ముందు మోగేది మూడో బెల్లు. మా నాన్నగారు హార్మోనిస్టు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకం ఎక్కడున్నా ఆయన పెట్టె అక్కడ ఉండేది. చిన్నప్పుడు ఆయన పక్కనే బల్ల మీద కూర్చునేదాన్ని. మొదటి బెల్లుకి జనం సర్దుకునేవాళ్ళు. రెండో బెల్లుకి బీడీలు ఆర్పేవాళ్ళు. మూడో బెల్లు మోగగానే నాన్నగారి వేళ్ళు మెట్ల మీదికి వచ్చేవి, తెర లేచేది.

2024 జూలైలో, అమెరికాలో, ఓరెగాన్ రాష్ట్రంలోని ఆష్‌లాండ్ అనే ఊళ్ళో ఆ మూడో బెల్లు మళ్ళీ విన్నట్టయింది. అక్కడ బెల్లు లేదు. ఆరుబయట రంగస్థలం, వెనక పాతకాలపు మేడలాంటి కట్టడం. ఆ మేడ పైకప్పు కింద చిన్న కిటికీ తెరుచుకుంది. బూరా ఊదారు. కిటికీలోంచి ఒక నటుడు తొంగిచూసి, టోపీ తీసి మా అందరికీ వందనం చేసి, జెండా ఎగరేశాడు. ఇవాళ ఆట ఉంది అని ఊరికి చెప్పడానికి నాలుగు వందల ఏళ్ళ కిందట లండన్ నాటకశాలల మీద జెండా ఎగరేసేవారట. చుట్టూ వెయ్యిమందికి పైగా జనం ఒక్కసారి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పక్కన మనవరాలు "అమ్మమ్మా, ఏడుస్తున్నావా?" అంది. అవును, ఏడ్చాను.

ఆ నాటకశాల పేరు ఓరెగాన్ షేక్‌స్పియర్ ఫెస్టివల్. పేరులో ఫెస్టివల్ ఉందని నాలుగు రోజుల ఉత్సవం అనుకున్నాను. మార్చి నుంచి అక్టోబరు దాకా నడుస్తుంది. షేక్‌స్పియర్ ఒక్కడే కాదు, కొత్తవాళ్ళ నాటకాలూ, సంగీత నాటకాలూ వేస్తారు. లాభాపేక్ష లేని సంస్థ. అంటే యజమానులు లేరు, పంచుకునే లాభమూ లేదు. టికెట్ల మీద వచ్చేదీ, సభ్యులూ దాతలూ ఇచ్చేదీ కలిపి మళ్ళీ నాటకాలకే ఖర్చు పెట్టాలి.

మా అమ్మాయి వాళ్ళు కాలిఫోర్నియాలో ఫోల్సమ్‌లో ఉంటారు. అక్కడినుంచి ఐదో నంబరు హైవే మీద ఉత్తరానికి దాదాపు ఐదు గంటల ప్రయాణం. రెడ్డింగ్ దాటాక శాస్తా పర్వతం కనిపిస్తుంది, నడివేసవిలో కూడా నెత్తిన మంచుతో. సిస్కియూ కనుమ ఎక్కి దిగితే ఆష్‌లాండ్. జనాభా 21 వేల పైచిలుకు. మన లెక్కలో ఒక పెద్ద పంచాయతీ. అంత ఊళ్ళో నాలుగడుగుల దూరంలో మూడు రంగస్థలాలు. ఆరుబయటది ఎలిజబెతన్ థియేటర్, దాదాపు 1,200 మంది పడతారు. లోపలిది ఆంగస్ బోమర్ థియేటర్, దాదాపు 600 కుర్చీలు. వీధికి అవతల మూడో చిన్న హాలు, థామస్ థియేటర్. కొవిడ్‌కి ముందు ఏడాదికి 11 నాటకాలు వేసేవారు.

మొదటిరోజు పొద్దున్నే తెరవెనక చూపించే టూర్‌కి వెళ్ళాం. దీనికి విడిగా టికెట్ కొనాలి. నన్నడిగితే నాటకం మానేసైనా దీనికి వెళ్ళమంటాను. బయటి గైడు కాకుండా ఆ సంస్థలో పనిచేసేవాళ్ళే దగ్గరుండి చూపిస్తారు. ఇక్కడ ఒకే బృందం వంతులవారీగా చాలా నాటకాలు ఆడుతుంది. మధ్యాహ్నం ఒక నాటకంలో రాజు వేసినతను రాత్రి ఇంకో నాటకంలో నౌకరు వెయ్యచ్చు. మధ్యాహ్నం ఒక నాటకం, రాత్రి అదే స్టేజి మీద ఇంకోటి. మధ్యలో ఉన్న రెండు మూడు గంటల్లో మొదటి సెట్టింగు విప్పి, రెండోది నిలబెట్టి, లైట్లు సరిచూసుకోవాలి.

స్టేజి నేల మీద టేపు ముక్కలు చూశాను. గోరంత పొడవు, రంగురంగులవి. ఒక్కో నాటకానికి ఒక్కో రంగు. కుర్చీ కాలు ఎక్కడ ఆనాలో, మెట్ల అంచు ఎక్కడికి రావాలో ఆ ముక్క చెబుతుంది. వంగి చూస్తే కింద పాత టేపు జిగురు మరకలు కూడా కనిపించాయి, ఎన్ని నాటకాలవో. పక్క వింగులో పొడుగాటి బల్ల. దాని మీద తెల్ల కాగితం పరిచి గళ్ళు గీశారు. ప్రతి గడిలో ఒక వస్తువు, కింద దాని పేరు. బాకు, ఉత్తరం, కప్పు. నటుడు చీకట్లో చెయ్యి చాపితే అది అక్కడే ఉండాలి. వాడాక మళ్ళీ అదే గడిలో పెట్టాలి. మా వైపు ఒకసారి ధర్మరాజు పాచికలు దొరక్క, తెర వెనక ఎవరివో పలకబలపాలు తెచ్చి ఆట నడిపించారని నాన్నగారు చెప్పేవారు. ఆ గళ్ళు చూస్తే ఆయన ఎంత సంబరపడేవారో.

ఊరి కథ కూడా ఆ టూర్‌లోనే విన్నాను. 1893లో ఇక్కడ శాటాక్వా అని ఉపన్యాసాలూ సంగీతమూ జరిగే సభాస్థలం కట్టారు. 1917లో దాని స్థానంలో పెద్ద గుమ్మటంతో గుండ్రటి కట్టడం లేపారు. రేడియోలూ సినిమాలూ వచ్చాక సభలు ఆగిపోయి, 1933లో పాడుబడ్డ గుమ్మటం పీకేశారు. గుండ్రటి గోడలు మిగిలాయి. ఊళ్ళోని టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆంగస్ బోమర్‌కి ఆ గోడలు చూడగానే షేక్‌స్పియర్ కాలపు నాటకశాల బొమ్మ గుర్తొచ్చింది. 1935లో, అదీ దేశమంతా ఉద్యోగాలు లేక అల్లాడుతున్న రోజుల్లో, జూలై నాలుగో తారీఖు స్వాతంత్ర్య దినోత్సవాల్లో నాటకాలు వేస్తానని ఊరిపెద్దల్ని అడిగాడు. 400 డాలర్లు మించకుండా ఇస్తామన్నారు. కానీ నాటకాలకు డబ్బులు రావేమోనని వాళ్ళ భయం. అందుకని పగటిపూట అదే స్టేజి మీద బాక్సింగ్ పోటీలు పెట్టి, ఆ డబ్బుతో నష్టం పూడుద్దామన్నారు. బోమర్ సరే అన్నాడు. చివరికి జరిగింది వేరు. బాక్సింగ్‌కి నష్టం వచ్చింది, నాటకం డబ్బుతో దాన్ని పూడ్చారు. ఆ మూడు రోజుల్లో వేసిన నాటకాలు రెండు. అందులో ఒకటైన 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో వడ్డీవ్యాపారి షైలాక్ వేషం బోమరే వేశాడు.

నేనూ ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్నే. ఒక పంతులుగారు ఊరి పాతగోడలు చూసి మొదలుపెట్టిన పని ఇదంతా అని తెలిశాక, ఆ గోడ దగ్గరికి వెళ్ళి చేత్తో తాకి వచ్చాను. ఇప్పుడు దాని నిండా తీగ పాకింది. ఆ గోడ లోపలే ఆరుబయటి రంగస్థలం ఉంది. ఇప్పుడున్న స్టేజి కట్టడం 1959 నాటిది. లండన్‌లో ఫార్చ్యూన్ అనే నాటకశాల కట్టడానికి రాసుకున్న పాత కాంట్రాక్టు కాగితం దొరికితే, అందులోని కొలతలు చూసి గీశారట.

మధ్యాహ్నం బోమర్ థియేటర్‌లో షేక్‌స్పియర్ విషాదనాటకం మక్‌బెత్ చూశాం. మనవరాలికి పదకొండేళ్ళు. నాలుగేళ్ళ మనవణ్ణి అల్లుడు పార్కుకి తీసుకెళ్ళాడు, ఆరేళ్ళలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. ఇది మంచి పద్ధతి. అందరికంటే వెనక కుర్చీ కూడా స్టేజికి 55 అడుగుల దూరమేనట. మేం బాగా వెనకే కూర్చున్నాం. ముఖాలు కనిపించాయి, మాట వినిపించింది.

అర్థమయిందా అంటే, మొదటి పావుగంట కాలేదు. ఇంగ్లీషు చదువుతాను, పేపరు చూస్తాను, కానీ నాలుగు వందల ఏళ్ళ కిందటి కవిత్వం చెవికి అందడం వేరు. కథ ముందే తెలుసు కాబట్టి నెమ్మదిగా దారి దొరికింది. పద్యనాటకం చూసే జనంలో ఎంతమందికి ప్రతి సమాసం అర్థమవుతుంది? రాగం పట్టుకుని వెళ్తారు. నేనూ గొంతుల ఎత్తుపల్లాలు పట్టుకుని వెళ్ళాను. మక్‌బెత్ భార్య నిద్రలో నడుస్తూ, లేని రక్తపు మరకని కడుక్కునే సీను వచ్చేసరికి హాల్లో దగ్గు కూడా వినబడలేదు. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు సీను అయిపోయాక కూడా చాలాసేపు వదల్లేదు. అక్కడ మాటమాటకీ అర్థం అక్కర్లేకపోయింది.

సాయంత్రం ఆరుబయట ఇటుకలు పరిచిన ఆవరణలో గ్రీన్ షో అని ఉచిత ప్రదర్శన ఉంటుంది. టికెట్ లేనివాళ్ళు కూడా వచ్చి పచ్చిక మీద కూర్చుంటారు. ఒకరోజు పాట, ఒకరోజు నాట్యం, ఇంకో రోజు గారడీ. మేం వెళ్ళినరోజు ఒక చిన్న సంగీత బృందం వాయించింది. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాలు విప్పాం. పక్క దుప్పటి మీద కుటుంబం చూసి నవ్వారు. వాళ్ళ చెర్రీ పళ్ళు మాకు, మా పులిహోర వాళ్ళకు. ఊళ్ళో జాతర సాయంత్రం ఎలా ఉంటుందో అలా ఉంది. నాటకానికి డబ్బులు పెట్టలేని ఇంటి పిల్లలు కూడా అక్కడ పరుగులు పెడుతున్నారు. ఈ గుణం నాకు అన్నిటికంటే నచ్చింది. చిన్నప్పుడు డబ్బుల్లేకుండానే ఆ ఆవరణలో ఆడుకున్న పిల్లలు పెద్దయ్యాక ఆ చోటుకి పరాయివాళ్ళు అవరు.

రాత్రి ఆట 'మచ్ అడో అబౌట్ నథింగ్'. ఆ జెండా లేచింది ఈ నాటకానికే. మొదలయ్యేసరికి ఇంకా వెలుతురు ఉంది. సీన్లు గడిచేకొద్దీ ఆకాశం నల్లబడి, లైట్లు వేడెక్కి, రెండో సగానికి నక్షత్రాలు వచ్చాయి. బియాట్రిస్, బెనెడిక్ అని ఇద్దరు. ఒకరంటే ఒకరికి పడదు, మాటకు మాట అంటించుకుంటారు. లోపల ఇష్టం ఉంది. మన భామాకలాపంలో సత్యభామ, మాధవి సంవాదం చూసినవాళ్ళకి ఈ రుచి కొత్తేం కాదు. ఆ మాట విసరడం, దాన్ని పట్టుకుని తిప్పికొట్టడం, మధ్యలో జనం నవ్వు ఆగేదాకా నిలబడటం. టైమింగ్ అంటే అదే. పెద్ద పెద్ద మాటలు తప్పుగా వాడే డాగ్‌బెర్రీ అనే కోత్వాలు వచ్చినప్పుడు జనం పడిపడి నవ్వారు. మొదట నేను మనవరాల్ని అడిగి నవ్వాను. రెండోసారి వచ్చినప్పుడు అడగకుండానే నవ్వాను.

ఒకటి లోటు అనిపించింది. మా దగ్గర పద్యం బాగా పాడితే వన్స్‌మోర్ అంటారు, నటుడు మళ్ళీ పాడతాడు. ఇక్కడ అది లేదు. చప్పట్లన్నీ చివరికి దాచుకుంటారు. బియాట్రిస్ ఒక మాట అన్నప్పుడు నాకు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. నటులకి జనం ప్రేమ అప్పటికప్పుడు అందాలని నా అభిప్రాయం. అది ఈ నాటకశాల తప్పు కాదు, వాళ్ళ అలవాటు అది.

విరామంలో మా వరస దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డ పెద్దావిడతో మాట కలిపాను. డెబ్భై దాటి ఉంటుంది. రిటైరయిన నర్సట. జీతం లేకుండా వచ్చి సీట్లు చూపిస్తుంది. అలాంటివాళ్ళు వందల్లో ఉన్నారంది. నేను మా నాన్నగారి సంగతి చెబితే, ఆవిడ 2011 సంగతి చెప్పింది. ఆ ఏడాది జూన్‌లో బోమర్ థియేటర్ పైకప్పుని మోసే పెద్ద దూలం పగిలింది. సీజను నడిబొడ్డు, టికెట్లు అమ్ముడైపోయి ఉన్నాయి. ఆటలు ఊళ్ళో వేరే హాళ్ళకి మార్చారు. తరవాత లిథియా పార్కులో పెద్ద డేరా వేసి, బాగుచేసేదాకా అందులోనే ఆడారు. డేరా మాట వినగానే నేను సురభివాళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, ఊరూరా డేరాలు వేసుకుని తిరిగిన కుటుంబాలనీ, స్టేజి మీదే పుట్టి పెరిగిన నటులనీ చెప్పాను. నా ఇంగ్లీషు ఎంతవరకు సరిపోయిందో గానీ ఆవిడ టార్చి ఆర్పేసి మరీ విన్నది.

ఈ ఊరికి కష్టాలు తక్కువేం లేవు. ఓరెగాన్, కాలిఫోర్నియా అడవులు తగలబడితే పొగ ఈ లోయలో నిలిచిపోతుంది. 2018 వేసవిలో పొగవల్ల ఆరుబయట ఆటలు 20కి పైగా రద్దు చెయ్యడమో, చోటు మార్చడమో జరిగింది. అప్పుడు ఊరి హైస్కూలు తన థియేటర్ ఇచ్చింది. 2020లో కొవిడ్‌తో అన్నీ మూతపడ్డాయి. ఆ సెప్టెంబరులోనే పక్క ఊళ్ళు టాలెంట్, ఫీనిక్స్‌లలో చాలా భాగం అగ్నికి ఆహుతయింది. 2023లో డబ్బు చాలక, సీజను నిలబడాలంటే 25 లక్షల డాలర్లు కావాలని బహిరంగంగా అడిగారు. జనం ఇచ్చారు, సీజను ఆగలేదు. మొదటి ఏడాది 400 డాలర్లు ఇచ్చిన ఊరు, తొంభై ఏళ్ళు కావస్తున్నా ఇంకా ఇస్తూనే ఉంది. డబ్బు ఒకసారి, బడి ఒకసారి, పార్కు ఒకసారి, ఈ నర్సమ్మలాంటివాళ్ళ సాయంత్రాలు రోజూ. నాటకశాల పెట్టే తిండి కూడా ఊరు తింటోంది. హోటళ్ళూ, పుస్తకాల షాపులూ, కాఫీ కొట్లూ అన్నీ ఆ ప్రేక్షకుల మీదే బతుకుతున్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉంది.

ఇది రాస్తుంటే నాకు మా వైపు ఒక హాలు గుర్తొస్తోంది, ఊరి పేరు చెప్పను. నాన్నగారు అక్కడ ముప్పై ఏళ్ళు వాయించారు. నాలుగేళ్ళ కిందట వెళ్ళి చూశాను. గేటుకి తాళం. కాపలా అతను తీసి చూపించాడు. స్టేజి మీద పెళ్ళి కుర్చీలు గుట్టగా పేర్చి ఉన్నాయి. కప్పు కారి, నాన్నగారు కూర్చునే మూల నాచు పట్టింది. ఇంకా ఆడేవాళ్ళున్నారు, అద్దె కట్టలేక కల్యాణమండపాల్లోనూ గుడి ముందు పందిళ్ళలోనూ ఆడుతున్నారు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది మా తెనాలిలోనే. కళ లేక కాదు, జనం లేక కాదు. ఆ హాలు తమదని ఎవరూ అనుకోలేదు. అందరిలో నేనూ ఉన్నాను. ఆ రోజు తాళం వేయించి, ఇంటికొచ్చి, కాసేపు ఏడ్చి ఊరుకున్నాను.

వెళ్ళాలనుకునే మనవాళ్ళకి నాలుగు మాటలు. కథ ముందే చదువుకోండి, తెలుగులోనైనా సరే. మాటలు అక్షరాల్లో చూపించే ప్రదర్శనలు కొన్ని రోజులు ఉంటాయి, టికెట్ కొనేటప్పుడే ఏ రోజో చూసుకోండి. మా అమ్మాయికి ఆ సంగతి మేం వచ్చేశాక తెలిసింది. రాత్రి చలి గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి చెమట పట్టిన ఊళ్ళోనే రాత్రి పదింటికి నేను రెండు శాలువాలు కప్పుకున్నాను. ఊరంతా కొండవాలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కారు దగ్గర్లో పెట్టుకునేట్టు చూసుకోవాలి. ఆగస్టులో వెళ్తే పొగ సంగతి కనుక్కుని వెళ్ళండి. టికెట్లు సినిమా టికెట్లలా ఉండవు. ముగ్గురికి రెండు నాటకాలంటే ఆలోచించి పెట్టాల్సిన ఖర్చే. మా అమ్మాయి నెలల ముందే వెనక సీట్లు చూసి కొన్నది. ఊరి మధ్య ప్లాజాలో లిథియా నీళ్ళ కొళాయి ఉంది, ఖనిజాలు కలిసిన ఊటనీళ్ళు, అందరూ తాగమంటారు. ఉప్పగా, బుస్సుమంటూ, ఇనప రుచితో ఉంటాయి. ఒక్క గుక్క చాలు. లిథియా పార్కు మాత్రం పొద్దున్నే వాగు వెంట నడవాల్సిన చోటు.

చేతనైతే టికెట్‌తో పాటు కొంత విరాళం కూడా ఇవ్వండి. సభ్యులకి టికెట్లు ముందుగా దొరుకుతాయి. మనకి ఇక్కడ గుళ్ళకి ఇచ్చే అలవాటు బాగా ఉంది, చాలా మంచిది. నాటకశాలకి ఇచ్చే అలవాటు కూడా చేసుకుంటే మన పిల్లలు ఆ పచ్చిక మీద అతిథుల్లా కాకుండా ఇంటివాళ్ళలా కూర్చుంటారు. నేను నా చీరల డబ్బులోంచి ఇచ్చాను. నాన్నగారి పేరు రాయించాను. కౌంటర్లో అమ్మాయికి ఆ ఇంటిపేరు స్పెల్లింగు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఓపిగ్గా రాసుకుని, తిరిగి చదివి వినిపించింది.

థామస్ థియేటర్ చూడటం కుదరలేదు. ఈ సంస్థ 2015లో షేక్‌స్పియర్ నాటకాలన్నిటినీ ఇప్పటి ఇంగ్లీషులోకి మార్చి రాయించే పని మొదలుపెట్టింది. దాని మీద ఇక్కడ పెద్ద వాదమే నడిచింది, మూలాన్ని ముట్టుకోవచ్చా అని. నాకైతే అలాంటిది ఒకటి చూడాలని ఉంది. నా తిరుగు ప్రయాణం అక్టోబరులో. దసరాలోపు ఇంకోసారి వెళ్దామని మా అమ్మాయిని అడిగాను. ఫోన్ తీసి తారీఖులు చూస్తోంది. మనవరాలు మాత్రం ముందే తేల్చి చెప్పింది, ఈసారి ముందు వరసేనని, జెండా ఎగరేసే మనిషికి తను చెయ్యి ఊపాలని.